సంచి భుజం దిగిన రోజు

మొన్న మా వీధి అమ్మాయి శిరీష మా ఇంటికి వచ్చింది. డిగ్రీ అయిపోయి, సర్వేల్లో ఇన్వెస్టిగేటర్‌గా కుదిరిందట. నేను ఆ పని ఇరవై ఏళ్లకు పైగా చేసి మానేశానని ఎవరో చెప్పారట. "ఆ పనిలో కష్టం ఏంది ఆంటీ?" అని అడిగింది. "ఎండ" అన్నాను. కాఫీ ఇచ్చి, గొడుగు మర్చిపోవద్దని చెప్పి పంపించాను.

ఆ పిల్ల గేటు దాటకముందే నాకు సిగ్గేసింది. బతుకంతా జనాన్ని నిజం చెప్పమని అడిగినదాన్ని, నన్ను ఒక్క ప్రశ్న అడిగితే తప్పించుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను. కష్టం ఎండ కాదు, భయం. జవాబు చెప్పేవాళ్లకూ భయమే, రాసుకునే మనకూ భయమే.

నేను చేసిన చివరి సర్వే రిపోర్టులో మా ప్రాంతం గురించి ఒక మాట ఉంది. జనంలో భయం తగ్గిందని, ధైర్యంగా ఉన్నామని చెప్పేవాళ్లు పెరిగారని. చదివినవాళ్లు సంతోషించారు. ఆ మాటలో ఒక ఇంటి వాటా ఎలా వచ్చిందో నాకు తెలుసు. అది చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

మొదటి పేజీ

మా పని పైకి చాలా సులువు. ఓటర్ల జాబితాలోంచి కొన్ని పేర్లు ఎంచి పంపుతారు. ఆ పేరున్న మనిషినే వెతికి పట్టుకుని అడగాలి. పక్కింటాయన బాగా మాట్లాడతాడు కదా అని ఆయన్ని అడగకూడదు. ప్రభుత్వం ఎలా ఉంది, పోలీసుల మీద నమ్మకం ఉందా, వేరే కులం వాళ్లతో పొత్తు ఎలా ఉంది, ఓటు మీ ఇష్టప్రకారం వేస్తున్నారా అని దేశమంతా అవే ప్రశ్నలు. నాకు ఇచ్చింది ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల. ట్రైనింగులో కోస్తా నుంచి వచ్చిన వాళ్లు "మీ జిల్లానా మేడం, జాగ్రత్తండీ" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఊరికి బస్సెక్కాక నవ్వు వచ్చేది కాదు.

ఫారంలో మొదటి పేజీ మీద పేరు, ఊరు, ఇంటి నంబరు ఉంటాయి. రెండో పేజీ నుంచి ప్రశ్నలు. మాకు ట్రైనింగు ఇచ్చింది హైదరాబాదులో ఉండే రంగనాథం సారు. ఆయన ఆ మొదటి పేజీని వేలితో తడుతూ చెప్పేవారు. "ఇది ఫారానికి అంటుకుని ఉన్నంతసేపు అది ఒక మనిషమ్మా. ఊడదీస్తేనే అంకె అవుతుంది. ఆ గడపలోనే ఊడదీసి వేరే కవరులో పెట్టండి. రెండోది, ఊళ్లో ఉన్నంతసేపు సంచి భుజం దిగకూడదు."

రెండో నియమం నేను నిష్ఠగా పాటించాను. మొదటిదాన్ని మాత్రం నా వీలుకి మార్చుకున్నాను. గడపలో కూర్చుని పిన్నులు పీకుతుంటే ఇంటివాళ్లు అనుమానంగా చూస్తారు, పైగా టైము పడుతుంది. అందుకని ఇంటికి వచ్చాక, సాయంత్రం కాఫీ తాగుతూ అన్నిటికీ ఒకేసారి పీకేదాన్ని. తోటివాళ్లంతా అలాగే చేసేవాళ్లు. నలుగురితో పాటు నారాయణా.

మా మామగారి అంగడి

ప్రొద్దుటూరులో మా మామగారికి గుడ్డల అంగడి ఉండేది. సర్వేకి పోతానంటే ఇంట్లో ముందు వద్దన్నది ఆయనే, తర్వాత పని నేర్పిందీ ఆయనే. ఒకరోజు అంగట్లో కూర్చోబెట్టుకుని, ఒకామెకు చీరలు పరుస్తూ నన్ను చూడమన్నాడు. ఆమె ఒక ఎర్ర చీర పట్టుకుని "ఇది బాగుంది" అంటూనే ఉంది. ఆయన మాట్లాడకుండా పక్కనున్న ఆకుపచ్చది మడత పెట్టి ఇచ్చాడు. ఆమె సంతోషంగా తీసుకుపోయింది.

"నోరు యాడికో పోతాంటాది మ్మా" అన్నాడు తర్వాత. "కండ్లు యాడ నిలబడినాయో చూడు."

అది నాకు చాలాచోట్ల ఉపయోగపడింది. ఆ వీధిలోనే ఒక బంగారు అంగడాయన నేను అడిగిన ప్రతిదానికీ "తెల్దు మ్మా" అన్నాడు. పేపరు మూడు భాషల్లో చదివే మనిషి. నేను అమాయకంగా అన్నిచోట్లా 'తెలియదు' గడిలో టిక్కు పెట్టి పంపించాను. రంగనాథం సారు ఫోను చేసి నిలదీశారు. "ఆయనకి తెలీదా, చెప్పడా? రెండూ వేరు. రెండిటికీ వేరే గడులు ఉన్నాయి." మళ్లీ పోయి చూస్తే తెలిసింది. ఆయన చెవి నా వైపు ఉంది, కళ్లు మాత్రం అంగడి ముందు కుర్చీలో కూర్చున్న ఒక మనిషి మీద ఉన్నాయి. ఫారంలో కళ్లకి గడి లేదు. 'చెప్పడానికి ఇష్టపడలేదు' అన్నచోట టిక్కు పెట్టాను. అంతకన్నా ఎక్కువ రాయడానికి చోటు లేదు.

నీళ్లు అడగడం

జమ్మలమడుగులో ఇంకో సంగతి నేర్చుకున్నాను. బస్టాండు వెనక సందులో ఒకామె పేరు వచ్చింది. ఆమెను అడిగితే మొగుడు చెప్తాడు. నేను మళ్లీ ఆమె వైపు తిరిగితే ఆమె మొగుడి వైపు తిరుగుతుంది. చివరికి విసుగొచ్చి "కొంచెం నీళ్లిస్తావా అమ్మా" అని లేచి ఆమె వెనకే వంటింట్లోకి పోయాను. కడవ దగ్గర నిలబడి ఆమె గబగబా అన్నిటికీ జవాబు చెప్పింది. బయట చెప్పినదానికి ఒక్కటీ సరిపోలేదు. గ్లాసు నా చేతికిస్తూ "ఆయప్పకి చెప్పొద్దు మ్మా" అంది.

అప్పట్నుంచి అదే నా ఉపాయం. మా వైపు ఆడమనిషి దాహమంటే ఎవరూ అడ్డం చెప్పరు, లోపలికి రానిస్తారు, మగవాళ్లు వెంట రారు. కొత్త పిల్లలందరికీ ఇది నేర్పాను. అదేదో నేనే కనిపెట్టినట్టు మురిసిపోయేదాన్ని. లోపలికి పోయినదానికి బయట ఏం జరుగుతోందో కనపడదన్న సంగతి ఆలోచించలేదు.

ఓబులమ్మ

రాష్ట్రం విడిపోయాక కొన్నేళ్లకు ఒక పెద్ద సర్వే వచ్చింది. ఒకసారి అడిగినవాళ్లనే కొన్నేళ్ల తర్వాత మళ్లీ అడిగి, ఆలోచన మారిందా లేదా చూసే రకం. నాకు వచ్చిన ఊళ్లలో ఒకటి సింహాద్రిపురం దాటాక ఉంది. పేరు చెప్పను. చీనీ, అంటే బత్తాయి తోటల ఊరు. పాత కక్షలున్న ఊరు కూడా. మా వైపు కక్షలు ముదిరితే మనిషి కన్నా ముందు చీనీ చెట్టుకు గొడ్డలి పడుతుందంటారు. చెట్టు కాపుకి రావాలంటే అయిదారేళ్లు పడుతుంది. ఏ దెబ్బ ఎక్కడ తగులుతుందో కొట్టేవాళ్లకి తెలుసు.

ఏ ఊరికి పోయినా ముందు అక్కడి పెద్దాయనకి కనపడి విషయం చెప్పాలి. అది ఆనవాయితీ. ఈ ఊరి పెద్దాయన తెల్లచొక్కా, మెత్తని గొంతు, నిదానం మనిషి. "అడగండి మ్మా, మా ఊర్లో దాపరికం ఏం లేదు. మధ్యాన్నం మాత్రం మా ఇంట్లోనే తినల్ల" అన్నాడు.

పొద్దున్నించీ అడిగినవాళ్లంతా ఒకే జవాబు చెప్పారు. ఊళ్లో భయం ఉందా? "భయం ఏంది మ్మా, ఈడ ఏం లేదు." తగాదా వస్తే ఎవరి దగ్గరికి పోతారు? "పెద్దాయన కాడికి." మాటలు కూడా అవే. చీరలు పరిచి చూపించినట్టు నవ్వుతూ చెప్పారు. కళ్లు మాత్రం వాకిలి దాటి వీధిలోకి పోతూ ఉన్నాయి.

చివరి పేరు ఓబులమ్మ. అసలు పేరు ఇది కాదు. నలభై దాటి ఉంటుంది, మొగుడు పోయాడు, ముసలి అత్తతో ఉంటోంది. ఎకరన్నర చీనీ తోట. ఆ ఏడే మొదటి కాపు రావాలి. ఇంటి వెనక నుంచి చూపించింది, పిందెలు కట్టి ఉన్నాయి. "నన్నెందుకు మ్మా అడిగేది, పెద్దాయన్నే అడుగు" అంది మొదట. నేను నీళ్లు అడిగాను. ఇద్దరం వంటింట్లోకి పోయాం.

"ఓటు మీ ఇష్టప్రకారమే వేస్తారా?"

"స్లిప్పు వాళ్లే ఇస్తారు. పోలింగు కాడ వాళ్ల మనిషే నిలబడి ఉంటాడు. నా ఇష్టం యాడ ఉండాది?"

"ఊళ్లో భయం ఉందా?"

ఆమె వంగి పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "శానా ఉండాది. పొద్దున్నించీ నీకు లేదు లేదని చెప్పినారే, వాళ్లకీ ఉండాది."

తగాదా వస్తే పోలీసుల దగ్గరికే పోవాలని ఉందని చెప్పింది. అన్నీ రాసుకున్నాను. మనసులో పొంగిపోయాను కూడా. ఒప్పుకోవాలి. అంతసేపటికి ఒక నిజమైన ఫారం దొరికిందని ఆనందం. లేవబోతుంటే నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇది ఎవురికీ తెల్దు కదా?"

అప్పుడు చదవాల్సిన వాక్యం ఒకటి ఫారంలోనే ఉంటుంది. మీరు చెప్పింది రహస్యంగా ఉంచుతాం, మీ పేరు బయటికి రాదు అని. అది చదివాను. ఊరుకోకుండా సొంతంగా ఇంకో మాట కలిపాను. "నా మాట నమ్ము ఓబులమ్మా, నాది పూచీ."

పెద్దింటి అన్నం

మధ్యాహ్నం పెద్దాయన ఇంటికి పోయాను. అరుగు మీద అయిదారుగురు మగవాళ్లు ఉన్నారు. ఆయన తల్లి నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. గడప దగ్గర నా సంచి చూసి ఆగింది. "అన్నం కాడికి ఆ దుమ్ము సంచి ఎందుకు మ్మా. ఆడ పెట్టు, ఎవురు ముట్టుకుంటారు?"

వద్దనాల్సింది. అవమానం అనుకుంటారని భయపడ్డాను. అక్షరాలా భయమే. సంచి అరుగు మీద పెట్టి లోపలికి పోయాను. సంగటి పెట్టారు, చెనిక్కాయల చట్నీ, నెయ్యి, ఆపైన ఓళిగలు. కోడళ్లిద్దరూ వద్దన్నా వడ్డిస్తూనే ఉన్నారు. ఎన్నో ఇళ్లలో నేను ఆడవాళ్లని లోపలికి తీసుకుపోయాను. ఆ రోజు నన్ను తీసుకుపోయారు. అది నాకు చెయ్యి కడుక్కుంటున్నప్పుడు తోచింది.

బయటికి వచ్చి సంచి తీసుకున్నాను. ఫారాలన్నీ ఉన్నాయి. ఆ కట్టకి నేను రబ్బరు బ్యాండు ఎప్పుడూ రెండు చుట్లు వేస్తాను. అప్పుడు ఒక్క చుట్టే ఉంది. అన్నిటికన్నా కింద ఉండాల్సిన ఓబులమ్మ ఫారం పైకి వచ్చింది. మొదటి పేజీ దానికి అంటుకునే ఉంది.

సంచి భుజానికి తగిలించుకున్నాను. పెద్దాయన బస్సుదాకా మనిషిని తోడిచ్చి పంపించాడు. "బాగా చెప్పినారా మ్మా మావాళ్లు?" అన్నాడు. నేను తలాడించాను. "కొందరికి మాట్లాడేది రాదు లే. మేమే నేర్పిచ్చల్ల" అన్నాడు, అదే మెత్తని గొంతుతో.

ఊరుకున్నాను

పులివెందుల బస్టాండు నుంచి రంగనాథం సారుకి ఫోను చేశాను. ఆయన జరిగిందంతా విన్నారు. తర్వాత "ఫారాలు అన్నీ ఉన్నాయి కదా?" అన్నారు. ఉన్నాయన్నాను. "అయితే రిపోర్టులో రాయకండి. రాస్తే ఆ ఊరు మొత్తం తీసేస్తారు. కొన్నేళ్ల పని పోతుంది." మొదటి పేజీ గురించి అంత చెప్పిన మనిషే ఆ మాటన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ బస్టాండులోనే సగం పోయింది. నా మీద నాకున్నది పూర్తిగా పోయింది. ఎందుకంటే, ఆయన రాయొద్దన్నందుకు నాకు లోపల ఊరట కలిగింది.

వెనక్కి పోయి ఓబులమ్మకి చెప్పనా అనుకున్నాను. రెండోసారి ఆ ఇంటికి పోతే ఆమెను వేలు పెట్టి చూపించినట్టు అవుతుంది. ఎవరినైనా వాకబు చేయనా? ఆ ఊరివాడు ఎవడైనా పులివెందులలో కనిపిస్తే, ఓబులమ్మ ఎలా ఉంది అని నేను అడిగితే, ప్రొద్దుటూరు మేడం ఆమెను ఎందుకు అడుగుతాంది అని ఊళ్లో చెప్తాడు. ఏం చేసినా ఆమెకే తగులుతుంది. అడగడమే ఉద్యోగమైనదాన్ని, ఆ ఒక్క ప్రశ్న ఎవరినీ అడగలేకపోయాను.

రోజూ పొద్దున పేపరు రాగానే జిల్లా పేజీ తీసేదాన్ని. చీనీ చెట్లు నరికిన వార్త ఎక్కడ కనపడినా ముందు ఊరి పేరు వెతికేదాన్ని. వేముల పక్కన ఒకసారి అలాంటి వార్త వచ్చింది. ఆ ఊరు కాదని తెలిసి దేవుడికి దండం పెట్టాను. నరికింది వేరే ఎవరివో చెట్లు. దానికి దండం పెట్టాను. భయం మనిషిని అలా చేస్తుంది.

రెండోసారి

కొన్నేళ్లకు రెండో విడత వచ్చింది. అవే పేర్లు, అవే ప్రశ్నలు. ఆ ఊరు వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు. ఇవ్వలేదు. ధైర్యం కాదు, ఇక తట్టుకోలేక.

ఈసారి మొదట ఓబులమ్మ ఇంటికే పోయాను. ఇంటి వెనక చీనీ చెట్లు నిలబడే ఉన్నాయి. ఒక్క గొడ్డలి దెబ్బ లేదు. ఆకు కూడా లేదు. ఇంటిని ఆనుకున్న నాలుగు తప్ప మొత్తం ఎండి కట్టెలై ఉన్నాయి.

ఓబులమ్మ నన్ను గుర్తుపట్టింది. అడక్కుండానే వంటింట్లోకి దారి తీసి చెంబుతో నీళ్లిచ్చింది. నేను తోట వైపు చూశాను.

"ఎవురూ కొట్టలే మ్మా" అంది. "పెద్దాయన బోరు నుంచే కదా నీళ్లు వస్తాండె. నువ్వు వచ్చిపోయిన వారానికి బోరు రిపేరన్నారు. మా తట్టు పైపుకి ఒక్కదానికే రిపేరు. ఇంకా కాలే."

"తప్పు నాది ఓబులమ్మా. సంచి అరుగు మీద పెట్టి..."

"తెల్సు లే." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "మిగిలిన నాలుగు చెట్లకి బిందెతో పోస్తాండా. అడుగు, ఏం అడగల్లనో. మళ్లా అయ్యే కదా."

అడిగాను. ఓటు నా ఇష్టం అంది. తగాదా వస్తే పెద్దాయన కాడికి అంది. ఊళ్లో భయం ఉందా అన్నాను.

"ల్యా."

నేను పెన్ను ఎత్తలేదు. "రాసుకో" అంది. ఆమె చెప్పిందే రాయాలి, అది నియమం. మొదటిసారి చెప్పింది నాకు తెలుసు, తోట ఎదురుగా ఉంది, అయినా ఆమె నోటితో చెప్పిందే రాయాలి. 'భయం లేదు' దగ్గర టిక్కు పెట్టాను.

లేచి, గడపలో కూర్చుని మొదటి పేజీ పిన్ను పీకబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. మొదటిసారి పట్టుకున్నచోటే.

"పీకొద్దు. పేరు ఉండనీ. పెద్దింటికి అన్నానికి పోతావు కదా. సంచి ఈసారి కూడా ఆడ్నే పెట్టు మ్మా. చూడనీ వాళ్లని. నీళ్లిడుస్తారేమో."

రంగనాథం సారు నేర్పినదంతా ఆ గడపలో నిలబడి ఉంది. ఎదురుగా ఆమెకు మిగిలిన నాలుగు చెట్లూ ఉన్నాయి. సంచిలో నింపిన ఫారం ఇంకెవరిదీ లేదు, అదే మొదటి ఇల్లు. నేను ఫారాన్ని మొదటి పేజీతో సహా సంచిలో పెట్టాను. రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేశాను.

మిగతా ఇళ్లు సాయంత్రానికి వాయిదా వేసి పెద్దింటికి పోయాను. ఎవరూ అడగకముందే సంచి అరుగు మీద, నలుగురికీ కనపడేలా పెట్టాను. లోపల నిదానంగా తిన్నాను. ఆకలి లేకున్నా రెండోసారి వడ్డించుకున్నాను. వాళ్లకి తీరిక దొరకాలని చెయ్యి కడిగాక కూడా ముసలామె పక్కన కూర్చుని మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడాను.

బయటికి వచ్చేసరికి పెద్దాయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. సంచి పెట్టినచోటే ఉంది. రబ్బరు బ్యాండుకి రెండు చుట్లూ అలాగే ఉన్నాయి.

"ఓబులమ్మ బాగా చెప్పింది పెద్దాయనా" అన్నాను. ఇరవై ఏళ్లలో ఒకరి జవాబు నా నోటితో ఇంకొకరికి చెప్పడం అదే మొదటిసారి. "ఊళ్లో భయం లేదంది. కావాలంటే చూడండి" అని సంచి ఆయన ముందుకు జరిపాను.

ఆయన పేపరులోంచి తల ఎత్తలేదు.

"చూసేదేముంది మ్మా" అన్నాడు. "అట్లనే చెప్తాది."